సర్వమత సమావేశం పెడుతున్నాం. ఉపన్యాసాలు కాకుండా నిజంగా మాట్లాడుకోవాలంటే ఎలా?

కాల్వగట్టు:
అందరికీ వందనాలు. గుంటూరు వైపు ఒక చిన్న పట్టణంలో మా సంఘం యువజనుల తరఫున ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సమావేశం అనుకుంటున్నాం. ఆ వారాన్ని మత సామరస్య వారంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2010లో తీర్మానించింది కాబట్టి సందర్భం కుదిరింది. మొత్తం 40 మంది. 15 మంది క్రైస్తవులు, మిగతావాళ్లలో సగం కంటే కొంచెం ఎక్కువ హిందువులు, తక్కినవాళ్లు ముస్లింలు.

ఊళ్లో ఇదివరకు జరిగినవన్నీ ఒకే మూస: వేదిక మీద పంతులుగారు, ఇమాంగారు, పాస్టరుగారు, తలా 20 నిమిషాల ప్రసంగం, అన్ని మతాల సారం ఒక్కటేనని ముగ్గురూ అనడం, శాలువాలు, ఫొటో. అలా కాకుండా ఏం చేయొచ్చు? అసలు మా పెద్దల్లో కొందరికి ఇలాంటిది పెట్టడమే ఇష్టం లేదు, "సంభాషణ అంటే సువార్త మానుకోవడమే" అంటున్నారు. జ్యోతి వెలిగించడం, ప్రసాదం పంచడం దగ్గర ఏం చేయాలో తెలియడం లేదు. మతమార్పిడి మాట ఎవరైనా ఎత్తితే? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

దక్కన్ చదువరి:
ముందు వేదిక తీసేయండి. మైకు కూడా. సగం సమస్య అక్కడే పోతుంది. మైకు పట్టుకున్న మనిషి తన మతం మొత్తానికీ వకీలైపోతాడు, కింద కూర్చున్నవాళ్లు ప్రేక్షకులైపోతారు.

40 మందిని బల్లకు 8 మంది చొప్పున 5 బల్లలుగా విడగొట్టండి. మీ లెక్క ప్రకారం ప్రతి బల్ల దగ్గరా ముగ్గురు క్రైస్తవులు, ఇద్దరు ముగ్గురు హిందువులు, ఇద్దరు ముగ్గురు ముస్లింలు వస్తారు. ఏ మతం నుంచీ ఒక్కరే ఉండకుండా చూడండి. ఒక్కడే ఉంటే 1400 ఏళ్ల ఇస్లాం చరిత్రకో, లోకంలోని మిషనరీలందరికో ఆ ఒక్కడే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇద్దరుంటే వాళ్లలో వాళ్లకే అభిప్రాయభేదం వస్తుంది. అది కళ్లారా చూడటం మిగతావాళ్లకు పెద్ద పాఠం.

బల్ల మీద చర్చాంశం కాదు, మూడు కాగితాలు పెట్టండి. ఒక్కో కాగితం మీద ఒక్కో గ్రంథం నుంచి చిన్న భాగం, 8 నుంచి 12 వాక్యాలు మించకుండా. 1990లలో పీటర్ ఓక్స్ అనే యూదు పండితుడు, డేవిడ్ ఫోర్డ్, డేనియల్ హార్డీ అనే ఆంగ్లికన్ పండితులు కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. వాళ్లది అబ్రాహాము వారసత్వం చెప్పుకునే మూడు మతాల మధ్య. మన దగ్గర హిందువులు ఉంటారు కాబట్టి పాత్రల పేర్లను బట్టి కాకుండా విషయాన్ని బట్టి భాగాలు ఎంచుకోవాలి. మొదటిసారికి "అతిథి" కంటే మంచి విషయం నాకు తోచదు.

బైబిలు నుంచి ఆదికాండము 18:1–8. మిట్టమధ్యాహ్నం ఎండలో గుడారం వాకిట్లో కూర్చున్న అబ్రాహాము దగ్గరికి ముగ్గురు మనుషులు వస్తారు. ఆయన పరుగెత్తి ఎదురెళ్తాడు, శారా మూడు మానికల పిండి పిసుకుతుంది, లేగదూడ వండుతారు, వచ్చినవాళ్లు తింటారు. ఖురాన్ నుంచి 51వ సూరా (అధ్యాయం), 24–28 ఆయతులు (వాక్యాలు). అదే ఇబ్రాహీం, అదే దూడమాంసం, కానీ ఇక్కడ వచ్చినవాళ్లు తినరు, ఆయనకు భయం పుడుతుంది. తిన్నారా, తినలేదా అన్న ఒక్క తేడా మీదే అరగంట మాట్లాడుకోవచ్చు. వచ్చింది దేవదూతలైతే తినరు కదా అని ముస్లింలు అంటారు. ఆ ముగ్గురిలో త్రిత్వాన్నో (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే నమ్మకం), శరీరధారి కాకముందటి క్రీస్తునో చూసే అలవాటు క్రైస్తవులది. సారం ఒక్కటే అనే మాట అక్కడికక్కడే నిలబడకుండా పోతుంది, అయినా ఎవరూ కోపం తెచ్చుకోరు.

మూడో కాగితానికి తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి 11వ అనువాకం. "అతిథి దేవో భవ" అందరికీ తెలుసు. దాని కిందే ఉన్న దానం మాటలు తక్కువమందికి తెలుసు: శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధతో ఇవ్వకు, సిగ్గుతో ఇవ్వు, భయంతో ఇవ్వు. ఇచ్చేవాడికి సిగ్గెందుకు అని బల్ల దగ్గర అడిగి చూడండి. అయితే వచ్చే హిందువుల్లో అందరూ ఉపనిషత్తును తమ గ్రంథంగా అనుకోకపోవచ్చు, కొందరికి అది ఎప్పుడూ చేతికందని పుస్తకం. వాళ్లనే అడగండి. పోతన భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. 48 రోజులు పస్తున్న రాజు దొరికిన అన్నం వచ్చినవాళ్లకు పెట్టేసి, చివరికి మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చిన అంటరానివాడికి పోసేస్తాడు. దాంతో కులం మాట బల్ల మీదికి వస్తుంది. రానివ్వండి, చర్చిల్లోనూ అది ఉంది కదా.

నడిపే తీరు ఇది. కాగితం ఏ మతానిదో ఆ మతం మనిషి పైకి చదివి, నేపథ్యం 3 నిమిషాల్లో చెప్పి ఆపేయాలి. మొదటి ప్రశ్న తప్పకుండా వేరే మతంవాళ్ల నుంచి రావాలి. ఒక్కో కాగితానికి 25 నిమిషాలు. ప్రతి బల్లకు గడియారం చూసే మనిషి ఒకరు. ఈ ఐదుగురినీ ముందు రోజు సాయంత్రం కూర్చోబెట్టి, అవే కాగితాలతో ఒకసారి నడిపించి చూడండి. పాస్టర్లకు, ఇమాములకు, పంతుళ్లకు ఈ పని ఇవ్వొద్దు. వాళ్లను పిలవండి, బల్ల దగ్గర మామూలు మనిషిగా కూర్చోబెట్టండి, వాళ్ల మతం కాగితం మాత్రం ఇంకొకరు చదవాలి. లేకపోతే 3 నిమిషాలు 18 అవుతాయి.

రెండు తప్పులు కచ్చితంగా జరుగుతాయి. ఒకటి, తమ గ్రంథంలోని మంచి మాటను ఎదుటివాళ్ల మతంలోని చెడ్డ మనుషులతో పోల్చడం. ఆదర్శాన్ని ఆదర్శంతో, ఆచరణను ఆచరణతో పోల్చాలి. గడియారం మనిషి ఇది మొదట్లోనే చెప్పి, గాడి తప్పినప్పుడు గుర్తుచేయాలి. రెండోది, "మీ మతంలో ఇలా అంటారు కదా" అని మొదలుపెట్టడం. దాన్ని "ఈ కాగితంలో ఈ మాట నాకిలా అనిపించింది, మీరెలా చదువుతారు?" అని మార్చమనండి.

సమయం: ఆదివారం మధ్యాహ్నం 3:15కి మొదలెట్టండి. శుక్రవారం ముస్లింలకు జుమా నమాజు ఉంటుంది, శనివారం క్రైస్తవుల్లో అడ్వెంటిస్టు సంఘాలవాళ్లకు విశ్రాంతిదినం. రెండు కాగితాలు అయ్యేసరికి 4:15 అవుతుంది. మీ ఊరి మసీదు పట్టికలో అసర్ (సాయంత్రం పూట నమాజు) వేళ చూసుకుని టీ విరామం దానికి కలపండి, నమాజుకు ఒక శుభ్రమైన గది, నీళ్లు చూపించండి. మూడో కాగితం, ఆ తర్వాత 25 నిమిషాలు విడి మాటలు. ఫిబ్రవరి మొదట్లో సూర్యాస్తమయం ఆరు దాటాక కాబట్టి పొద్దుగుంకాక చేసే నమాజు మగ్రిబ్‌కి ముందే భోజనాలు అయిపోతాయి. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలోనే మొదలవుతుంది, తేదీ వేసుకునేముందు చూసుకోండి.

పాత పుస్తకాలు:
పైన చెప్పినదంతా సరే. కాకపోతే తెలుగులో ఇంకో చిక్కుంది, అది మాటల చిక్కు. చర్చిలో పెరిగినవాళ్ల నోట అలవాటుగా వచ్చే "అన్యులు" మీ సమావేశాన్ని 5 నిమిషాల్లో చెడగొట్టగలదు. బైబిల్లో యూదులు కాని జనాలకు వాడిన "అన్యజనులు" అనే మాట మన సంఘాల్లో పక్కింటి హిందువుకు పేరైపోయింది. చెప్పేవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు, వినేవాళ్లకు తాము పరాయివాళ్లమనే వినిపిస్తుంది. "విగ్రహారాధికులు", "చీకటిలో ఉన్నవారు" కూడా అంతే. అటువైపు నుంచి "మతం మారినోళ్లు", "కాఫిర్లు" అనేవి వస్తాయి. ఈ నాలుగైదు మాటలూ ముందే అందరికీ చెప్పి పక్కన పెట్టించండి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అని పేరు పెట్టి అంటే చాలు.

ఒకేలా కనిపించి మోసం చేసే మాటలు కూడా ఉన్నాయి. రక్షణ, మోక్షం, నజాత్ మూడూ ఒకటే అనుకుని మాట్లాడుకుంటూ పోతారు. మొదటిది పాపం నుంచి, రెండోది జన్మల చక్రం నుంచి, మూడోది తీర్పు రోజు శిక్ష నుంచి. ఎవరు దేని నుంచి విడుదల అంటున్నారో అడిగితే తేడా తేలిపోతుంది. యేసును అవతారం అని హిందూ మిత్రులు గౌరవంగానే అంటారు, క్రైస్తవులేమో దేవుడు మనిషి కావడం ఒక్కసారే, తిరుగులేకుండా జరిగిందంటున్నారు. "దేవుని కుమారుడు" అన్నప్పుడు ముస్లింలకు వెంటనే 112వ సూరా గుర్తొస్తుంది, దేవుడు కనలేదు, ఆయన ఎవరికీ పుట్టలేదు అని. త్రిత్వం మీద వాదన మొదటి సమావేశంలో పెట్టుకోకండి. నాలుగోసారి కలిసినప్పుడు వాళ్లే అడుగుతారు. అన్నట్టు, మీ 15 మందిలో కథోలికులు ఉంటే ఇంకా మంచిది. వాళ్ల జ్ఞానస్నానం, మీ బాప్తిస్మం, వాళ్ల దివ్యబలిపూజ, మీ ప్రభు భోజనం విన్నాక క్రైస్తవం ఒకే ముద్ద కాదని మిగతావాళ్లకు తెలుస్తుంది.

స్వాగతం దగ్గర బొట్టు, గంధం వద్దు. క్రైస్తవ ఆడవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు గుమ్మంలోనే ఇబ్బంది పడతారు, పెట్టేవాళ్లకు అవమానంగా ఉంటుంది. పన్నీరు చల్లండి, లేదా పువ్వు చేతికివ్వండి. జ్యోతి ప్రజ్వలన కథోలికులకు అభ్యంతరం కాదు, చాలామంది ప్రొటెస్టెంట్లకు, ముస్లింలకు అభ్యంతరమే. దాని బదులు 2 నిమిషాలు మౌనం. సర్వమత ప్రార్థన అని ఒకే ప్రార్థన అందరిచేతా చదివించడం అంతకన్నా చిక్కు. 1986 అక్టోబరు 27న అస్సీసీలో రెండో జాన్ పాల్ పోపు మతాల పెద్దలను పిలిచినప్పుడు కూడా అందరూ కలిసి ఒకే ప్రార్థన చేయలేదు. ఎవరికి కేటాయించిన చోట వాళ్లు ప్రార్థించి, తర్వాత ఒకచోట చేరి ఒకరి తర్వాత ఒకరు చేశారు. కలిసి ప్రార్థించడం కాదు, ప్రార్థించడానికి కలిసి ఉండటం అని దానికి పేరు.

భోజనం శాకాహారం పెట్టండి, హలాల్ గొడవే ఉండదు. కొత్త గిన్నెల్లో లేదా శాకాహార వంటవాళ్ల గిన్నెల్లోనే వండించండి. కేకు పెడితే అందులో రమ్ము, జెలటిన్ లేవని బేకరీలో అడిగి తెలుసుకోండి, క్రిస్మస్ నాటి ప్లమ్ కేకు మిగిలిందని తెచ్చిపెట్టొద్దు. జైనులుంటే దుంపలు లేని కూర ఒకటి.

ఇక ప్రసాదం. పౌలు దీని గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో చెప్పింది చాలామంది సగమే చెబుతారు. బజారులో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు, ఎవరైనా ఇంటికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం వాళ్ల మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. అర్పించిన చోట బల్ల దగ్గర కూర్చోవడం గురించైతే ఇంకా కటువుగా రాశాడు. అందుకే తీసుకునే సంఘాలూ ఉన్నాయి, తీసుకోని సంఘాలూ ఉన్నాయి, రెండింటికీ ఆధారం అదే పత్రిక. మీరు తేల్చాల్సింది ఆ వివాదం కాదు. వంట ఎవరికీ నైవేద్యం పెట్టకుండా నేరుగా వడ్డించేలా ముందే మాట్లాడుకోండి. అదే న్యాయంగా, మీ పాస్టరుగారు అన్నం గిన్నెల మీద చెయ్యి చాచి ఆశీర్వదించడం కూడా వద్దు. ఇది ఎవరికీ తట్టదు. ఎవరి విస్తరి ముందు వాళ్లు మనసులో ప్రార్థించుకుంటారు. ఎవరైనా ప్రేమతో గుడి ప్రసాదం తెస్తే, తీసుకోనివాళ్లు చెయ్యి వెనక్కి లాక్కోకుండా నమస్కారం పెట్టి "మా విశ్వాసంలో తీసుకోమండీ, ఏమీ అనుకోవద్దు" అంటే చాలు. తీసుకుని తర్వాత పారేయడం అన్నిటికంటే పెద్ద అవమానం. మీ ప్రభు భోజనపు రొట్టె అందరికీ ఇవ్వనందుకు వాళ్లు నొచ్చుకోకూడదని మీరు అనుకుంటారు కదా, ఇదీ అంతే.

కాల్వగట్టు:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. అన్నం ఆశీర్వాదం సంగతి మాకెవ్వరికీ తట్టలేదు. సువార్త గురించి పెద్దల అభ్యంతరం, మతమార్పిడి మాట, ఈ రెండూ మిగిలాయి.

పెన్నాతీరం:
పెద్దలకు వాళ్ల గ్రంథం, వాళ్లలాంటి సంఘాల పత్రాలే చూపించండి. 1 పేతురు 3:15లో నిరీక్షణకు కారణం అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పమని ఉంది, సాత్వికంతో చెప్పమనీ ఉంది. అడగాలంటే ముందు ఎదుటి మనిషి మనతో కూర్చోవాలి కదా. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభ ఇచ్చిన ప్రకటన ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ తోసిపుచ్చనంది, అదే పేరాలో క్రీస్తును ప్రకటించే బాధ్యత ఉందనీ అంది. మీ పెద్దలు కథోలికుల మాట వినరంటే 2011 పత్రం చూపించండి. వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి ముగ్గురూ కలిసి బహుమత సమాజంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో రాసినది. సాక్ష్యం చెప్పడం మానొద్దంటుంది, ప్రలోభాలు, బలవంతం, పేదరికాన్ని వాడుకోవడం కూడదంటుంది, స్వస్థత ప్రార్థనల్లో మనిషి నిస్సహాయతను వాడుకోవద్దని కూడా పేరు పెట్టి చెబుతుంది. మన దగ్గర ఉన్న ఉదాహరణ హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. 1930లో లాహోరులో, ముస్లింల మధ్య పనిచేసే మిషనరీలకు ఇస్లాం నేర్పడానికి పెట్టారు. ఊళ్లు మారి 1970ల మొదట్లో హైదరాబాదు చేరింది, ఇప్పుడు మతాల మధ్య సంభాషణ, సయోధ్య దాని ప్రధాన పని.

మీ సమావేశానికి మాత్రం ఒక హద్దు గీయాలి. ఆ రెండున్నర గంటల్లో, ఆ ఆవరణలో, ఎవరూ ఎవరినీ తమ మతంలోకి పిలవరు. ఇది అందరికీ వర్తిస్తుంది, ఘర్ వాపసీ (తిరిగి హిందూ మతంలోకి రమ్మనడం) మాటలకూ, దావాకూ (ఇస్లాంలోకి పిలవడం) కూడా. కరపత్రాలు, బహుమతి పుస్తకాలు ఉండవు. సంచుల్లో కొత్త నిబంధనలు పెట్టి ఇవ్వాలని మీలో ఎవరికో తప్పక అనిపిస్తుంది, ఆపండి. తర్వాత కార్యక్రమంగా గుడికి వెళ్లి చూద్దామంటే ఇంకా జాగ్రత్త. తిరుమల లాంటి, ప్రభుత్వం గుర్తించిన ప్రార్థనా స్థలాల్లో వేరే మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది.

మతమార్పిడి మాట తప్పకుండా వస్తుంది. దాచకండి, విడి మాటల 25 నిమిషాల్లో దానికి చోటివ్వండి. నియమం ఒకటే: పేపర్లో చదివింది, వాట్సాప్‌లో వచ్చింది చెప్పకూడదు, తనకు తెలిసిన బాధ చెప్పాలి. అన్న మతం మారితే తల్లి దినాలకు ఎవరు కూర్చోవాలనేది ఒక ఇంటి బాధ. అద్దె ఇల్లు అడిగితే మతం అడగడం ఇంకొకరి బాధ. ఇలా దిగితే వాదన దానంతటదే తగ్గుతుంది. చట్టం మాట వస్తే ఈ రెండు గుర్తుంచుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదంది. ఇరుపక్షాలూ తమకు కావాల్సిన సగం చెబుతాయి, రెండూ కలిపి చదివించండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. హాజరు పట్టీలో మతం గడి పెట్టకండి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. మీ పట్టీ, మీరు పెట్టిన ఫొటో ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. పేరు, ఫోన్ నంబరు చాలు, అవి కూడా భోజనాల లెక్క అయ్యాక చించేయండి. ఫొటోకి ముందు అడగండి, వద్దన్నవాళ్లకు వెనక వరుస కాదు, ఫొటోలోనే లేకుండా చూడండి. 18 ఏళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు వెంట లేకుండా పిలవొద్దు.

బర్మింగ్‌హామ్ తెలుగు:
కాగితాల పద్ధతితో నాకు పేచీ ఉంది. చదువు అలవాటున్నవాళ్లకే అది నప్పుతుంది. మీ 40 మందిలో కూలి పనులు చేసుకునేవాళ్లు, పెద్దగా చదువుకోని ఆడవాళ్లు ఉంటే బల్ల దగ్గర ఇద్దరు టీచర్లే మాట్లాడతారు. సంభాషణ నాలుగు రకాలని వాటికన్ పత్రాలే అంటాయి: ఇరుగుపొరుగుగా బతకడం, కలిసి పనిచేయడం, సిద్ధాంతం మాట్లాడుకోవడం, ప్రార్థనానుభవం పంచుకోవడం. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఏప్రిల్‌లో చలివేంద్రం కలిసి పెట్టండి, మూడు పూటలు మూడు మతాలవాళ్లు కాదు, ప్రతి పూటా కలిసి. రక్తదాతల పట్టిక ఒకటి కలిపి రాయండి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఇక్కడ 1987 నుంచి నడిచిన బ్రిటన్ ఇంటర్ ఫెయిత్ నెట్‌వర్క్ ప్రభుత్వ నిధులు ఆగేసరికి 2024లో మూతపడింది. ఎమ్మెల్యేగారి డబ్బుతో టెంటు వేస్తే వేదిక, మైకు, శాలువా మళ్లీ వచ్చేస్తాయి. 40 మంది భోజనం ఖర్చు మూడు వైపులా పంచుకోండి.

దక్కన్ చదువరి:
చదువు సంగతి ఒప్పుకుంటాను. అందుకే పైకి చదివించమన్నది, అందుకే పోతన కథ. చదవలేనివాళ్లున్న బల్లకు కాగితం మానేసి కథ చెప్పించండి, ప్రశ్నలు అవే. చలివేంద్రం కూడా పెట్టండి, కానీ ఫిబ్రవరిలో ఒకసారి ఒకరినొకరు ప్రశ్న అడిగి ఉంటే ఏప్రిల్‌లో కుండ దగ్గర మాటలు వేరేగా ఉంటాయి.

కాగితాల గురించి ఒకటి మర్చిపోయాను. 14 సైజు అక్షరాల్లో ఒకవైపే అచ్చు వేయించండి, మూలం అరబీలో ఉంటే తెలుగు అర్థం పక్కనే, సంస్కృతానికీ అంతే. ఖురాన్ వాక్యాలున్న కాగితం నేల మీద పెట్టకూడదు, దాని మీద టీ గ్లాసు పెట్టకూడదు. మిగతా రెండింటికీ అదే మర్యాద. కాలు తగిలితే కాగితాన్ని కళ్లకద్దుకునే అలవాటు మన ఊళ్లలో ఎలాగూ ఉంది. బల్లకు 24 చొప్పున మొత్తం 120 కాగితాలు. విస్తళ్లు వేయకముందే లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, లేకపోతే చెయ్యి తుడుచుకోవడానికి ఎవరో ఒకరు వాడేస్తారు. ఖురాన్ కాగితాలు ఇమాంగారికి అప్పగించండి, వాటిని ఏం చేయాలో ఆయనకు తెలుసు.